రెండేళ్ళ నాలుగు నెలలు, ఇంకా మాటలు రాలేదు – తిరుపతిలో ఎక్కడ చూపించాలి?

కొర్లగుంట అమ్మ | తిరుపతి

అందరికీ నమస్కారం. మా బాబుకు రెండేళ్ళ నాలుగు నెలలు. అమ్మ, తాత, బౌబౌ, ఇంకో రెండు మూడు మాటలు తప్ప ఏమీ రావడం లేదు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికో, అలమారా దగ్గరికో లాక్కెళ్తాడు. పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు, ఒక్కోసారి వినపడనట్టే ఉంటాడు. అదే పక్క గదిలో ఫోన్‌లో వాడికిష్టమైన పాట మోగితే పరుగెత్తుకొస్తాడు. కాబట్టి చెవులు బాగానే ఉన్నాయని మా ఇంట్లో అందరి నమ్మకం.

నడక, పరుగు, మెట్లెక్కడం అన్నీ టైముకే వచ్చాయి. తిండి మాత్రం ఫోన్ ముందు పెడితేనే. మా అత్తగారిది నగరి వైపు, ఆమె వాడితో తమిళం మాట్లాడతారు. నేను తెలుగు. ప్లే స్కూల్ మేడమేమో ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి, లేకపోతే బాబు కన్ఫ్యూజ్ అవుతాడు అంటున్నారు.

పిల్లల డాక్టరు ఒకాయన మూడేళ్ళ దాకా ఆగమన్నారు. ఇంకొకరు వెంటనే థెరపీ మొదలుపెట్టమన్నారు. ఒక సెంటరుకు వెళ్తే కాసేపు చూసి ప్యాకేజీ రేట్ల కాగితం చేతిలో పెట్టారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

చంద్రగిరి మామ | చంద్రగిరి

ఏం కాదమ్మా, భయపడొద్దు. మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు. మా తమ్ముడు నాలుగేళ్ళ దాకా నోరు విప్పలేదు. ఇప్పుడు కోర్టులో వాదన మొదలుపెడితే జడ్జిగారే ఆపమనాలి. వస కొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాలుక మీద రాయండి. మా అవ్వ మా అందరికీ అదే చేసింది. ఈ థెరపీలూ సెంటర్లూ అన్నీ ఈ మధ్య పుట్టుకొచ్చిన వ్యాపారం.

స్పీచ్ గది | తిరుపతి

నేను ఆడియాలజీ, స్పీచ్ థెరపీ చదువుకుని ఇదే పనిలో ఉన్నాను.

చంద్రగిరి మామగారూ, ఆలస్యంగా మొదలుపెట్టి తర్వాత అందుకునే పిల్లలు నిజంగానే ఉంటారు, కాదనను. కానీ రెండేళ్ళప్పుడు చూసి ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడిపోతారో కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు. ఆ తేడా తెలియనప్పుడు అందరినీ ఆగమనడం ఎట్లా? వస సంగతి కూడా చెప్పాలి. అందులో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, పసిపిల్లలకు అది మంచిది కాదు. తేనె ఏడాది లోపు పిల్లలకు అసలే పెట్టకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు వచ్చే వీలుంది. ఈ బాబు ఆ వయసు దాటాడనుకోండి, అయినా చదివేవాళ్ళలో చంటిపిల్లల తల్లులు ఉంటారు కదా.

కొర్లగుంట అమ్మగారూ, అన్నిటికంటే ముందు వినికిడి పరీక్ష. ఫోన్ పాటకు పరుగెత్తుకొస్తున్నాడంటే బొత్తిగా వినపడకపోవడం లేదని మాత్రమే అర్థం. పాటలో డప్పులు, బరువైన శబ్దాలు ఉంటాయి, వినికిడి కొంత తగ్గినా అవి అందుతాయి. స, శ, ఫ లాంటి పలచటి శబ్దాలు అందకపోవచ్చు. మాట అర్థం కావాలంటే అవే ముఖ్యం. తరచూ జలుబు చేసే పిల్లలకు కర్ణభేరి వెనక నీరు చేరే వీలుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, మనకు తెలియనే తెలియదు. కానీ వారాల తరబడి వాడికి మన మాట మసకగానే వినిపిస్తుంది.

లోపలి చెవి ఎట్లా ఉందో చూసే ఓఏఈ, కర్ణభేరి వెనక నీరుందేమో చూసే టింపనోమెట్రీ నిమిషాల్లో అయిపోయే పరీక్షలు. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే బెరా మాత్రం ఈ వయసులో నిద్రలో చేయాలి. ముందు రోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టండి, పొద్దున్నే లేపండి, దారిలో కునుకు తీయనివ్వకండి. ఆటోలో హాయిగా నిద్రపోయి, పరీక్ష గదిలో బల్ల మీద పడుకోబెట్టగానే కళ్ళు ఇంతింత చేసి చూసే పిల్లలు మాకు రోజూ తగులుతుంటారు. మరీ పడుకోకపోతే డాక్టరు చూస్తుండగా నిద్రకు సిరప్ ఇస్తారు. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల విభాగం, ఈఎన్టీ రెండూ ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

కొర్లగుంట అమ్మ

చాలా థాంక్స్ అండీ. చెవి గురించి మేము అసలు ఆలోచించలేదు. అడగడానికే భయంగా ఉంది, ఇది ఆటిజం కావచ్చా? రాత్రంతా నెట్‌లో చదువుతూ కూర్చున్నాను. చదివిన ప్రతి లక్షణం మావాడిలో ఉన్నట్టే అనిపిస్తోంది.

స్పీచ్ గది

నాలుగు వాక్యాలు చదివి అవుననీ కాదనీ ఎవరూ చెప్పకూడదమ్మా. ఎవరైనా చెప్పినా నమ్మకండి.

మీరు గమనించి రాసుకోవాల్సినవి మాత్రం చెప్తాను. ఆకాశంలో విమానం పోతుంటే వేలు చూపించి, మీ మొహం వైపు చూస్తాడా? అడగడానికి చూపించడం వేరు, 'చూడు చూడు' అని పంచుకోవడానికి చూపించడం వేరు. రెండోది ఉందో లేదో మాకు చాలా ముఖ్యం. బొమ్మకు అన్నం పెట్టినట్టు, ఉత్తుత్తి ఫోన్ మాట్లాడినట్టు ఆడతాడా? మీరు వేలు చూపించిన వైపు చూస్తాడా? 16 నుంచి 30 నెలల మధ్య పిల్లల్లో ఆటిజం అనుమానం ఉందేమో చూడటానికి ఎం-చాట్-ఆర్ అని 20 ప్రశ్నల పట్టిక ఉంది, మీవాడి వయసు ఇంకా దాంట్లోనే ఉంది. అది జల్లెడ మాత్రమే, రోగ నిర్ధారణ కాదు. అందులో అనుమానం తేలితే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియనో (పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు), క్లినికల్ సైకాలజిస్టో పూర్తి అసెస్‌మెంట్ చేస్తారు.

ఆగమన్న డాక్టరుగారి మాట గురించి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ఎదుగుదల మైలురాళ్ళ జాబితాను 2022లో మార్చింది. అంతకుముందు సగటు పిల్లాడు ఏ వయసులో చేస్తాడో ఆ లెక్కన ఉండేది, అందుకే 'కొందరు ఇంకా చేయరులే' అనే మాటకు చోటు ఉండేది. ఇప్పుడు ఆ వయసుకు 75 శాతం పిల్లలు చేయగలిగే పనులనే పెట్టారు. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పడం, 'పాలు కావాలి' లాంటివి, ఆ జాబితాలో ఉంది. అంటే ఆ వయసు దాటినా అది రాకపోతే ఆగి చూడమని కాదు, చూపించమని దాని ఉద్దేశం. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో కూడా ఎదుగుదల బొమ్మలు ఉంటాయి. పాపం, టీకాల పేజీ దాటి ఎవరూ తిప్పరు.

ఇంకొక సంగతి. జబ్బు పేరు తేలేదాకా థెరపీ మొదలుపెట్టకూడదని ఎక్కడా లేదు. మాట వెనకబడింది, అది చాలు మొదలుపెట్టడానికి.

పలమనేరు నాన్న | చిత్తూరు జిల్లా

మాది మాటల సమస్య కాదు. మా పాపకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని చేతులు కాళ్ళు అదుపులో లేక బిగుసుకుపోతాయి, నెలలు నిండకుండా పుట్టింది. కానీ సెంటర్ల సంగతి బాగా తెలుసు కాబట్టి రాస్తున్నా.

మేము మొదట పోయిన చోట తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. బయట ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టీవీ. ముప్పావు గంట తర్వాత తలుపు తీసి 'ఈరోజు బాగా చేసింది' అని పాపను చేతికిస్తారు. ఏం చేసింది, ఇంట్లో మేమేం చేయాలి, అడిగితే 'మేము చూసుకుంటాం సార్' అంటారు. డబ్బు పోయేది ఒక బాధ అయితే, ఏం జరుగుతోందో తెలియకపోవడం ఇంకో బాధ.

తర్వాత వెల్లూరు సీఎంసీకి పోయినాం, మాకు చిత్తూరు దాటి కొంచెం పోతే అదే. అక్కడ ఫిజియోథెరపిస్టమ్మ పాపను ముట్టుకోకముందే నా భార్యతో 'పాపకు గౌను ఎట్ల తొడుగుతారో చూపించండి' అనింది. మేము మామూలుగా బాగున్న చెయ్యి ముందు దూర్చి, తర్వాత బిగుసుకున్న చేతిని లాగేవాళ్ళం. పాప ఏడ్చేది, చెయ్యి ఇంకా బిగిసేది. ఆమె అనింది, బిగుసుకున్న చెయ్యి ముందు, మంచి చెయ్యి తర్వాత. విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. వేళ్ళు పట్టి లాగొద్దు, భుజం దగ్గర నుంచి నెమ్మదిగా ముందుకు తీసుకురండి. అంతే. బట్టలు తొడిగే గొడవ ఇంట్లో ఆ వారంలోనే సర్దుకునింది.

ఇంకోటి, ఎత్తుకునే తీరు. పాప కాళ్ళు కత్తెర మాదిరి మెలిపడతాయి. చంటిబిడ్డను మోసినట్టు రెండు చేతుల మీద పడుకోబెట్టి మోసేవాళ్ళం. చంకనేసుకుని, కాళ్ళు చెరో పక్కకు వచ్చేటట్టు ఎత్తుకోమన్నారు. మా అమ్మ పక్కనే ఉండి, 'ఇది నేర్చుకోడానికి ఇంత దూరం రావాల్నా, మనూళ్ళో ఎత్తుకునేదే అట్ల కదా' అనింది. వాళ్ళూ నవ్వినారు. కానీ కారణం చెప్పినాక తెలిసింది, అట్ల ఎత్తుకున్న ప్రతిసారీ తొడల కండరాలు సాగుతాయి, నడుం నిలుస్తుంది. రోజుకు ఎన్నోసార్లు ఎత్తుకుంటాం కదా, అదంతా వ్యాయామమే.

కాబట్టి అమ్మా, సెంటర్ ఏదైనా మొదటి ప్రశ్న ఇదే అడగండి: మమ్మల్ని లోపల కూర్చోనిస్తారా? లేదంటే లేచి వచ్చేయండి.

డబ్బు విషయానికి వస్తే, ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్య పరీక్షలకు కేంద్రం పథకం ఒకటి 2013 నుంచి ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలకు ఉచితం. వాళ్ళ బృందం అంగన్‌వాడీలకు వచ్చి చూసి, అవసరమైతే డీఈఐసీకి, అంటే ఎదుగుదల లోపాలను చిన్నప్పుడే చూసే జిల్లా కేంద్రానికి, రాసిస్తుంది. ఒకే చోట పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, సైకాలజిస్టు ఉండాలనేది దాని లెక్క. రద్దీ ఉంటుంది, ఒక్కోసారి ఒక పోస్టు ఖాళీగా ఉంటుంది, అది వేరే కథ. అయినా రుయాలో అడిగి చూడండి, ఖర్చేం లేదు కదా.

చంద్రగిరి మామ

చెవి పరీక్ష మాట బాగుంది, దానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ రెండేళ్ళ పసివాణ్ణి రోజూ సెంటరుకు తిప్పి వాడి బాల్యం పాడుచేయకండి అంటాను.

పుత్తూరు అక్క | పుత్తూరు

మామగారు ఈసారి సగం కరెక్టే చెప్పారు. రోజూ తిప్పడం అవసరం లేదు.

మా అబ్బాయికి ఇప్పుడు ఏడేళ్ళు, ఇదే దారిలో నడిచాం. థెరపిస్టు వారానికి రెండు గంటలు చూస్తుంది. మిగతా వారమంతా వాడు మన దగ్గరే ఉంటాడు. అసలు పని ఇంట్లోనే జరగాలి, అదీ కుర్చీలో కూర్చోబెట్టి కాదు. మాకు ఉపయోగపడినవి చెప్తాను.

అన్నిటికంటే కష్టమైనది నోరు మూసుకుని ఆగడం. నిజంగా చెప్తున్నా. బిస్కెట్ డబ్బా మూత గట్టిగా బిగించి వాడి చేతికిచ్చేదాన్ని. తీయలేక నా వైపు చూసేవాడు. అప్పుడు వెంటనే తీసివ్వకూడదు, 'ఏం కావాలి, చెప్పు, చెప్పు' అనీ అనకూడదు. కళ్ళలోకి చూస్తూ మనసులో ఐదు అంకెలు, పది అంకెలు లెక్కపెట్టాలి. చూపు, ఒక శబ్దం, చేతి సైగ, ఏదొచ్చినా సరే, 'తియ్యి! మూత తియ్యి!' అని వాడి తరఫున చెప్పి తీసివ్వాలి. ఏడిపించేదాకా మాత్రం లాగకూడదు. అప్పుడది పంతం అవుతుంది.

ప్రశ్నలు తగ్గించండి. మన ఇళ్ళల్లో చుట్టాలు రాగానే 'ఇదేంటి చెప్పు, ఆవు ఎట్లా అరుస్తుంది చెప్పు' అని పరీక్ష పెడతాం. మాట రాని పిల్లాడికి అది హింస. ప్రశ్నకు బదులు వాడు చేస్తున్న పనికి మనం మాట తగిలించాలి. వాడు కారు తోస్తుంటే 'కారు పోతోంది, జుయ్‌... ఆగింది' అంతే. వాడు 'కారు' అంటే మనం 'ఎర్ర కారు' అనాలి. ఒక్క మాట మాత్రమే ఎక్కువ కలపాలి, ఉపన్యాసం ఇవ్వకూడదు.

రోజూ చేసే పనుల్లోనే ఇదంతా. దోసె పోసేటప్పుడు వాణ్ణి పొయ్యికి దూరంగా స్టూలు మీద కూర్చోబెట్టి 'పిండి పోద్దాం... తిప్పుదాం... తిప్పుదాం... నూనె... చుయ్' అని రోజూ అవే మాటలు. కొన్నాళ్ళకు 'నూనె' దగ్గర ఆగిపోతే వాడే 'చుయ్' అన్నాడు. స్నానం, బట్టలు ఆరేయడం, వేరుశెనక్కాయలు వలవడం, అన్నిటికీ ఇట్లాగే మాటలు పెట్టుకున్నాం. కాయలు వలిస్తే వేళ్ళకు బలం కూడా వస్తుంది. మా ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేయడం నేర్పే ఆవిడ) పూరీ పిండి పిసికించడం, ముగ్గుపిండి చిటికెతో జారవిడవడం ఇవే హోంవర్క్‌గా ఇచ్చింది. వేలకు వేలు పోసి బొమ్మలు కొనక్కర్లేదు.

ఇక ఫోన్. డబ్ల్యూహెచ్‌ఓ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు వద్దు, తర్వాత ఐదేళ్ళ లోపు రోజుకు గంటకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మేలు. ఫోన్ వల్లే ఆటిజం వచ్చిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి, అది నిజం కాదు. కానీ అన్నం తినేటప్పుడు ఫోన్ ఉంటే పిల్లాడికీ మనకీ మధ్య మాట నడవదు, అది మాత్రం నిజం. అన్ని పూటలూ ఒకేసారి ఆపకండి, యుద్ధం జరుగుతుంది. ఒక్క పూట, అదీ ఇంట్లో అందరూ కూర్చుని తినే పూట ఎంచుకోండి. వాడి ముందు కంచంలో కొంచెం పెట్టి, పిసికినా పారబోసినా వదిలేయండి. మొదట్లో సరిగా తినడు. బరువు తక్కువున్న పిల్లాడైతే డాక్టరుకు చెప్పి మొదలుపెట్టండి.

కొర్లగుంట అమ్మ

అక్కా, ఇది ప్రింట్ తీసి ఫ్రిజ్‌కు అంటిస్తాను. కానీ ఆగడం మా ఇంట్లో కుదరదు. వాడు చెయ్యి చాచేలోపే మా అత్తగారు అందించేస్తారు. నేను ఆపితే 'బిడ్డను ఏడిపిస్తావా' అంటారు. సెంటర్ మాటెత్తితే 'నా మనవడికి ఏం రోగం' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. పగలంతా ఆమే చూసుకుంటారు, ఏమీ అనలేను.

తిరుచానూరు తాత | రిటైర్డు

కోడళ్ళ వైపు మాట చాలా విన్నాం. పెద్దవాళ్ళ వైపు కూడా ఒక మాట.

అమ్మాయీ, నేనూ మనవణ్ణి పగలంతా చూసుకునేవాణ్ణే. కొడుకూ కోడలూ సాయంత్రం వచ్చి 'ఇట్లా చేయొద్దు నాన్నా, అట్లా చేయొద్దు' అంటే కష్టంగానే ఉంటుంది. నువ్వు నేర్చుకొచ్చి ఆమెకు పాఠం చెబితే వినదు. ఆమెనే థెరపీకి తీసుకెళ్ళు. అక్కడి అమ్మాయి నేరుగా ఆమెతో 'అవ్వా, బాబుకు మీరంటే ఎక్కువ ఇష్టం కదా, ఈ పని మీరే చేయించాలి' అంటే పరిస్థితి వేరుగా ఉంటుంది. మా ఇంట్లో అట్లాగే అయింది. ఇప్పుడు మా ఆవిడ నేను తొందరపడి అందిస్తే నన్నే గదమాయిస్తుంది.

వినేవాళ్ళుంటే పెద్దవాళ్ళకు కథలు, లాలిపాటలు, చప్పట్లాటలు బోలెడు వచ్చు. తెలిసిన పాట మధ్యలో ఆపి, ఆఖరి మాట కోసం బిడ్డ మొహం చూడమని మాకు చెప్పారు. ఆ పని ఫోన్ చేయలేదు, ముసలివాళ్ళు చేయగలరు.

గ్రీమ్స్‌పేట టీచర్ | చిత్తూరు

ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమన్న మేడమ్ గురించి ఎవరూ రాయలేదేంటి? నాకు ఒళ్ళు మండింది.

రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. ఈ విషయంలో పరిశోధకులకు పేచీ లేదు. ఆటిజం ఉన్న పిల్లల విషయంలో కూడా రెండు భాషలు హాని చేస్తాయని తేలలేదు. మా చిత్తూరులో తమిళం, తెలుగు కలిసే పెరుగుతాయి. కుప్పం పోతే కన్నడం కూడా తోడవుతుంది. అక్కడి పిల్లలందరికీ మాట ఆగిపోయిందా? అవ్వ చేత రాని ఇంగ్లీషు మాట్లాడిస్తే జరిగేదేంటంటే, ఆమె మాట్లాడటమే తగ్గిస్తుంది. కథ పోతుంది, పాట పోతుంది, 'కమ్, సిట్, ఈట్' మిగులుతాయి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. అసెస్‌మెంట్‌లో మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి చెప్పండి. అవ్వ దగ్గర తమిళంలో 'తణ్ణి' అంటున్నాడేమో, మీరు 'నీళ్ళు' అనడం లేదని లెక్కలోంచి తీసేస్తున్నారేమో. అత్తగారిని కూర్చోబెట్టి రాయించండి.

నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. మండలానికో భవిత కేంద్రం ఉంటుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపేది. అక్కడ ఈ పిల్లలకు నేర్పే టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా ఏర్పాటు చేస్తారు. మీ బాబు ఇంకా చిన్నవాడు, బడి వయసు వచ్చేసరికి అవసరమైతే పనికొస్తుంది. బడిలో చేర్చుకోం అని ఎవరైనా అంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది.

స్పీచ్ గది

టీచర్‌గారూ, చాలా బాగా చెప్పారు.

ప్యాకేజీ మాట మర్చిపోయాను. థెరపిస్టును ఎంచుకునేటప్పుడు మొహమాటపడకండి. స్పీచ్ థెరపిస్టు, ఆడియాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్, క్లినికల్ సైకాలజిస్టు, వీళ్ళందరికీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. అడగండి, ఉన్నవాళ్ళు గోడకే తగిలించుకుంటారు. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆర్‌సీఐ కిందికి రారు, వాళ్ళ డిగ్రీ అడగండి. కొన్ని చోట్ల బోర్డు మీద ఒకరి పేరు, గదిలో వారం ట్రైనింగ్ తీసుకున్న ఇంకొకరు ఉంటారు.

మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారో కాగితం మీద రాసివ్వమనండి. 'మాటలు మెరుగుపరచడం' అని రాస్తే ఒప్పుకోకండి. 'కావాల్సిన వస్తువును వేలితో చూపిస్తాడు, పది మాటలు అవసరానికి వాడతాడు' అని ఉండాలి, అప్పుడే వచ్చిందో రాలేదో మీకే తెలుస్తుంది. పూర్తిగా నయం చేస్తామని గ్యారంటీ ఇచ్చేవాళ్ళ దగ్గర, ఆటిజంకు స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు అనేవాళ్ళ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండొద్దు. అది ఆమోదం పొందిన చికిత్స కాదు, లక్షలు పోతాయి.

పెద్ద అసెస్‌మెంట్ కావాలంటే మన పక్క రాష్ట్రాల్లో ఉన్నాయి. చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసం నీప్‌మెడ్, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం కోసం నీపిడ్, మైసూరులో మాట, వినికిడి కోసం ఆయిష్, మూడూ కేంద్ర ప్రభుత్వ సంస్థలే. తిరుపతి నుంచైతే ముట్టుకాడు సులువు.

పలమనేరు నాన్న

సర్టిఫికెట్ల గురించి ఎవరో మెసేజ్‌లో అడిగారు, ఇక్కడే చెప్తా. వైకల్యం ఉన్నవాళ్ళకు కేంద్రం ఇచ్చే గుర్తింపు యూడీఐడీ కార్డు, పింఛనుకు మన రాష్ట్రంలో కావాల్సింది సదరం సర్టిఫికెట్. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛను వస్తుంది, 2024 జులై నుంచి నెలకు 6,000. కేంద్రం నడిపే నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళకు. థెరపీ ఖర్చులకూ దాంట్లో కొంత ఉంటుంది.

కొర్లగుంట అమ్మగారికి ఇప్పుడే ఇవేమీ అక్కర్లేదు. కంగారుపడి సదరం స్లాట్ బుక్ చేయకండి.

చంద్రగిరి మామ

మంచిది. నేను వస మాట వెనక్కి తీసుకోను గానీ, మా చెల్లెలి మనవడికి కూడా ఇరవై నెలలు, వాణ్ణీ చెవి పరీక్షకు తీసుకుపొమ్మని ఫోన్ చేశాను.

కొర్లగుంట అమ్మ

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. వినికిడి పరీక్ష అయింది. లోపలి చెవి బాగుంది గానీ రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు ఉందట. చాలామందికి దానంతటదే తగ్గుతుందని, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామని ఈఎన్టీ డాక్టరు చెప్పారు. అంటే అదొక్కటే కారణం అనుకుని సంతోషించాను. డెవలప్‌మెంట్ డాక్టరు మాత్రం చూపించడం, ఉత్తుత్తి ఆటలు రెండూ తక్కువగా ఉన్నాయని, చెవి మీదే నెట్టేయొద్దని అన్నారు. పేరు ఏమీ పెట్టలేదు, ఆరు నెలల తర్వాత మళ్ళీ అసెస్‌మెంట్. ఈలోపు వారానికి రెండుసార్లు స్పీచ్. లోపల కూర్చోనిచ్చే చోటే చూసుకున్నాం.

తిరుచానూరు తాతగారూ, మీ సలహా పాటించాం. మా అత్తగారు వచ్చారు. మొదటిరోజు మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు. థెరపిస్టు తమిళంలో పలకరించేసరికి లేచి వచ్చి కింద చాప మీద కూర్చున్నారు. మాటలు రాయిస్తే ఆమె దగ్గర వాడు పలికే మాటలు, నాకు తెలియనివి, నాలుగైదు బయటపడ్డాయి.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఫోన్ ఆపాం. గోల మామూలుగా లేదు, పక్కింటివాళ్ళు వచ్చి అడిగారు. ఇప్పటికీ పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు. ఎన్నాళ్ళు ఇట్లా ఉంటుంది?

పుత్తూరు అక్క

రెండు మూడు వారాలు చెప్పుకోలేనంతగా ఉంటుంది, తర్వాత దారికొస్తాడు. మధ్యలో జ్వరమొచ్చిందనో చుట్టాలొచ్చారనో ఒక్కరోజు ఫోన్ ఇచ్చారా, మళ్ళీ మొదటికే. పెరుగన్నమే తింటే పెరుగన్నమే పెట్టండి. పక్కన కొత్తది ఒక్క ముద్ద ఉంచండి, తినమని అడగొద్దు. రాత్రి పూట ఫోన్ మాన్పించే పని మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి.

శ్రీకాళహస్తి కొత్త సభ్యుడు

అందరికీ నమస్తే. ఇదే చర్చలో అడగొచ్చా? మా బాబుకు మూడున్నరేళ్ళు, ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తాడు. మాటలు బాగానే వచ్చాయి. దీనికి కూడా థెరపీ ఉందా?

పలమనేరు నాన్న

నేను డాక్టరును కాదు, మాకు అడిగిన ప్రశ్నలే మీకు చెప్తా. నిలబడమంటే మడమలు నేలకు ఆనతాయా? రెండు కాళ్ళూ అట్లేనా, ఒక్కటేనా? కింద కూర్చుని లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి ఎక్కుతూ లేస్తాడా? పిక్కలు లావుగా గట్టిగా ఉన్నాయా? ఆఖరి రెండింట్లో దేనికైనా అవునంటే ఈ వారమే పిల్లల డాక్టరుకు చూపించండి, కండరాల జబ్బేమో చూస్తారు. మిగతావైతే కూడా మూడేళ్ళు దాటింది కాబట్టి ఒకసారి ఫిజియోకు చూపించాల్సిందే. వేరే చర్చ మొదలుపెట్టి వివరాలు రాయండి, ఇక్కడ కలిసిపోతుంది.